పగటి పని, రాత్రి ఊపిరి

పని ఒంటిని ఎలా తినేస్తుందో ఆలేరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక చీరకు ఆసు పోయాలంటే అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల చుట్టూ దారాన్ని వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ పని తరతరాలుగా ఆడవాళ్లదే. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఈ మండలంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఏళ్లకేళ్లు తంటాలు పడి 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ నొప్పి పగటి పూట, అందరి కళ్లముందు ఉన్న నొప్పి. కొడుకు కంట పడింది కాబట్టి దానికి మందు దొరికింది.

రాత్రి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అలా కంటపడదు. జబ్బున్న మనిషికి తెలియదు. పక్కన పడుకున్న మనిషికి అది గురకగా వినిపిస్తుంది. డాక్టరు దగ్గరికి బీపీగానో, షుగరుగానో, పొద్దున లేవగానే వచ్చే తలనొప్పిగానో వెళ్తుంది. అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అనే పేరు మన ఊళ్లలో చాలామంది విననే లేదు. విన్నవాళ్లు కూడా అది లావుగా ఉన్న పట్నం మనుషుల జబ్బు అనుకుంటారు. మనిషి చేసే పనికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందా, ఉంటే ఎటు నుంచి ఎటు అన్న ప్రశ్న మీద ప్రపంచంలో మూడు నాలుగు దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. ఆ ఫలితాలను ఆలేరులో నిలబడి చదివితే ఏం కనిపిస్తుందో చూడటమే ఈ వ్యాసం పని.

ఆలేరు అందుకు తగిన చోటు. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో, తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ పట్టణం పక్క నుంచే హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి పోతుంది. సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం ఊళ్లోంచే పోతుంది. చుట్టూ మగ్గాలు, వరి పొలాలు, కోళ్ల షెడ్లు, తాటివనాలు ఉన్నాయి. కాస్త అవతల బీబీనగర్, చౌటుప్పల్ వైపు మందుల కంపెనీలు. రోజూ హైదరాబాద్ పోయి వచ్చే ఉద్యోగులు, క్యాబ్ నడిపే కుర్రాళ్లు. పరిశోధకులు విడివిడిగా దేశానికొకటి చొప్పున చూసిన వృత్తులు ఇక్కడ ఒకే బస్టాండులో ఎదురవుతాయి.

ముందు జబ్బు సంగతి. గొంతు వెనక భాగానికి ఎముక ఆసరా లేదు. మెలకువలో కండరాలు దాన్ని తెరిచి పట్టుకుంటాయి, నిద్రలో అవి సడలుతాయి. మెత్తబడ్డ సక్షన్ పైపు మోటారు లాగగానే చప్పిడి పడి అతుక్కుపోతుంది చూడండి, కొందరి గొంతు అలాగే ఊపిరి పీల్చే లాగుడుకే మూసుకుపోతుంది. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, ఒక్కోసారి నిమిషం. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి గొంతును తెరుస్తుంది. పెద్ద గురకతో ఊపిరి వస్తుంది, మనిషికి పూర్తి మెలకువ మాత్రం రాదు. మళ్లీ మొదలు. ఊపిరి పూర్తిగా ఆగడం, అరకొరగా అందడం రెండూ కలిపి గంటకు ఎన్నిసార్లో లెక్కపెడతారు. 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 30 అంటే రాత్రంతా ప్రతి రెండు నిమిషాలకోసారి గొంతు నొక్కినట్టే. ఎనిమిది గంటలు పడుకుని లేచినా నిద్రపోయినట్టు ఉండదు. బీపీ పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది, షుగరు అదుపులోకి రాదు.

ఇది ఎంతమందికి ఉంది? అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1993లో వెలువడిన అధ్యయనం ఇప్పటికీ అందరూ చెప్పుకునేది. 30 నుంచి 60 ఏళ్ల మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 9 శాతం మందికి గంటకు 5 సార్లకు పైగా ఊపిరి ఆగుతోందని తేలింది. పగటి మత్తు కూడా తోడైనవాళ్లు మగవాళ్లలో 4 శాతం, ఆడవాళ్లలో 2 శాతం. ముంబైలో 2004లో 35–65 ఏళ్ల మగవాళ్లను పరీక్షిస్తే లక్షణాలతో సహా జబ్బున్నవాళ్లు 7.5 శాతం. ఢిల్లీలో 2006 నాటి లెక్క 3.6 శాతం. ప్రపంచం మొత్తమ్మీద 30–69 ఏళ్ల వాళ్లలో 93 కోట్ల మందికి పైగా ఎంతో కొంత ఈ జబ్బు ఉందని 2019లో అంచనా కట్టారు. విస్కాన్సిన్‌లో పరీక్షకు వచ్చినవాళ్లంతా ఆ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులే. ముంబై, ఢిల్లీ లెక్కలు నగరాలవి, వాటి శివార్లవి. అంటే మనం ఏ అంకెలతో ఈ జబ్బును అర్థం చేసుకున్నామో, ఆ అంకెల్లోనే ముందుగా కొన్ని వృత్తులున్నాయి, కొన్ని లేవు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చునే మనిషీ, నడుం వంచి నాటు వేసే మనిషీ లేనివాళ్ల జాబితాలో ఉన్నారు. ఇది చదివేవాళ్లు మనసులో పెట్టుకోవాల్సిన మొదటి జాగ్రత్త.

వృత్తి అనగానే పరిశోధకులంతా మొదట చూసింది డ్రైవర్లనే. ఆస్ట్రేలియాలో 2004లో భారీ వాహనాల డ్రైవర్లను పరీక్షిస్తే దాదాపు 60 శాతం మందికి నిద్రలో ఊపిరి ఇబ్బంది కనిపించింది. పగటి మత్తు కూడా ఉన్నవాళ్లు 16 శాతం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో వాణిజ్య వాహనాల డ్రైవర్లలో 28 శాతం మందికి కనీసం స్వల్ప స్థాయిలో, 4.7 శాతం మందికి తీవ్రంగా ఉంది. ఈ అంకెలు చూసి స్టీరింగే జబ్బు తెస్తుందని చాలామంది రాశారు. అంత తొందరపడకూడదు. డ్రైవర్లలో అత్యధికులు మగవాళ్లు, మధ్యవయసు వాళ్లు. ఈ జబ్బు ఎక్కువగా పట్టేదీ వాళ్లనే. పెన్సిల్వేనియా 28 శాతాన్ని విస్కాన్సిన్ మగ ఉద్యోగుల 24 శాతం పక్కన పెట్టి చూడండి, దూరం పెద్దగా లేదు. వయసును, బరువును లెక్కలోంచి తీసేస్తే వృత్తికి మిగిలే వాటా బాగా చిన్నదవుతుంది.

కానీ బరువును లెక్కలోంచి తీసేయడం న్యాయమేనా? ఈ మొత్తం ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే మెలిక ఇదే. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు సరుకు తోలే మనిషి బరువు ఎక్కడి నుంచి వచ్చింది? పన్నెండు గంటలు సీట్లో కూర్చోవడం, ధాబా దగ్గర అర్ధరాత్రి దాటాక నూనె తేలే కూర, నిద్ర ఆపుకోవడానికి చక్కెర ఎక్కువేసిన చాయ్ మీద చాయ్, గుట్కా, సిగరెట్టు, లోడ్ దిగేదాకా లారీ క్యాబిన్లోనే కునుకు. నడిచేది లారీ చుట్టూ టైర్లు చూసుకోవడానికే. ఆ బరువు పని పెట్టిన బరువు. శరీర బరువు 10 శాతం పెరిగితే గంటకు ఊపిరి ఆగే సంఖ్య 32 శాతం పెరుగుతుందని విస్కాన్సిన్ బృందమే 2000లో చూపించింది. 10 శాతం తగ్గితే 26 శాతం తగ్గుతుంది. వృత్తి గొంతును నేరుగా నొక్కకపోవచ్చు. పొట్ట మీదుగా, మెడ మీదుగా వచ్చి నొక్కుతుంది. గణాంకం ఆ దారిని చెరిపేసి వృత్తిని నిర్దోషి అంటే ఆ లెక్క సరైనదే కావచ్చు, అర్థం మాత్రం తప్పు.

కూర్చోవడం ఒక్కటే విడిగా చూసిన పరిశోధనలూ ఉన్నాయి. అమెరికాలో మూడు పెద్ద బృందాలను, దాదాపు 1 లక్షా 30 వేల మందిని ఏళ్లపాటు గమనించి 2021లో వెలువరించిన ఫలితం ప్రకారం, కూర్చుని చేసే పని ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ జబ్బు బయటపడే అవకాశం సుమారు 49 శాతం ఎక్కువ. అందులోనూ కొంత భాగం బరువుదే. మిగతాదానికి టొరంటో పరిశోధకులు ఒక కారణం చూపించారు. పగలంతా కాళ్లు వేలాడేసి కూర్చుంటే ఒంట్లో నీరు పిక్కల్లోకి దిగుతుంది. రాత్రి పడుకోగానే అది పైకి పాకి మెడ దగ్గర చేరుతుంది, గొంతు చుట్టూ కండ ఉబ్బి దారి ఇరుకవుతుంది. పగలు కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడిగితే రాత్రి ఊపిరి ఆగడం తగ్గిందని కూడా వాళ్లే చూపించారు. సాయంత్రానికి కాళ్లు ఉబ్బి చెప్పులు బిగుతయ్యే మనిషి అర్ధరాత్రి గురక పెడుతుంటే ఆ రెండింటికీ లంకె ఉండొచ్చని ఎంతమందికి తడుతుంది!

ఇది చదివినప్పుడు నా ఆలోచన మగ్గం గుంట మీదికే పోయింది. గుంట మగ్గం నేసే మనిషి కూడా పొద్దున్నుంచి మాపటిదాకా కాళ్లు కిందికి పెట్టే కూర్చుంటాడు. అయితే ఆ కాళ్లు ఊరుకోవు. కింది చెక్కలను ఒకటి మార్చి ఒకటి తొక్కుతూనే ఉంటాయి. పిక్క కండరం కదిలిన ప్రతిసారీ నీటిని పైకి తోస్తుంది. కాబట్టి ఎనిమిది గంటల మగ్గం, ఎనిమిది గంటల లారీ సీటు ఒకటి కావు. ఇది నా తర్కమే. నేతగాడికి ఈ జబ్బు రాదని దీనర్థం కాదు. మరమగ్గం దగ్గర నిలబడి చూసుకునే మనిషికీ, మగ్గం వదిలేసి హైదరాబాద్‌లో అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషికీ ఈ కాస్త రక్ష కూడా ఉండదు. పోచంపల్లి, పుట్టపాక, ఆలేరు మగ్గాల నుంచి ఎందరో అలా కుర్చీ పనుల్లోకి జరిగారు. వాళ్లతో పాటు వాళ్ల జబ్బులూ మారతాయి.

ఇక రాత్రి పని. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటే నిద్ర గంటలు తగ్గుతాయి, నిద్ర ముక్కలవుతుంది. నిద్ర చాలని ఒంటికి గొంతు కండరాల పట్టు కూడా సడలుతుంది. అప్పటికే జబ్బున్నవాళ్లకు రాత్రి డ్యూటీ తర్వాతి పగటి నిద్రలో ఊపిరి మరిన్నిసార్లు ఆగుతుందని కొన్ని చిన్న పరీక్షల్లో తేలింది. రాత్రి పని లేని జబ్బును తెస్తుందని గట్టిగా చెప్పే ఆధారం అంత బలంగా లేదు. ఉన్నదాన్ని ముదరబెడుతుందనడం మేలు. ఇటువైపు రాత్రి పని అంటే మందుల కంపెనీలో మూడో షిఫ్టు ఒక్కటే కాదు. ఊళ్లో నైట్ హాల్ట్ పెట్టి బస్సులోనే దోమల మధ్య పడుకుని తెల్లారుజామున మొదటి సర్వీసు తీసే ఆర్టీసీ డ్రైవరు. గూడ్సు బండి ఎప్పుడు కదులుతుందో తెలియని లోకో పైలట్. కోడిపిల్లల షెడ్డులో లైట్లు, వేడి చూసుకునే కూలీ. వరి కోతల కాలంలో మంచు పడేదాకా హార్వెస్టర్ నడిపే కుర్రాడు. రైతు సంగతీ చెప్పుకోవాలి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు రాకముందు, ఒక తరం మొత్తం రాత్రి కరెంటు కోసం బావుల దగ్గర కాపలా పడుకుంది. ఆ తరం ఇప్పుడు యాభై, అరవైల్లో ఉంది. జబ్బుకు అదే వయసు.

ముక్కులోకి పోయేవి మరో దారి. పెయింటర్లు, రసాయన ద్రావకాల మధ్య పనిచేసేవాళ్ల మీద స్వీడన్, నార్వేల్లో 1980ల చివరి నుంచి 1990ల దాకా కొన్ని పరిశోధనలు జరిగాయి. ఆ ఆవిర్లు మెదడుకు మత్తెక్కించి గొంతు కండరాలను నడిపే నరాలను మందగింపజేస్తాయేమోనన్నది అనుమానం. కొన్నిట్లో సంబంధం కనిపించింది, కొన్నిట్లో కనిపించలేదు. చూసిన మనుషుల సంఖ్య చిన్నది. చౌటుప్పల్ వైపు బల్క్ డ్రగ్ కంపెనీల్లో ఏళ్లతరబడి టొలుయీన్, మెథనాల్ వాసనల మధ్య పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఈ ప్రశ్నకు జవాబు దొరకాల్సిన చోటు స్కాండినేవియా కన్నా ఇదే. ధూళి విషయంలో ఆధారం కాస్త మెరుగు. అలర్జీ వల్ల ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకు మధ్యస్థ, తీవ్ర స్థాయి జబ్బు 1.8 రెట్లు ఎక్కువని విస్కాన్సిన్‌లోనే 1997లో చెప్పారు. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత శిథిలాల దుమ్ములో పనిచేసినవాళ్లలో ముక్కు, సైనస్ జబ్బులతో పాటు ఇదీ కనిపించింది. మన దగ్గర కంకర మిషన్లు, జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు ఉన్నాయి. అక్కడ ఊపిరితిత్తుల గురించైనా అప్పుడప్పుడు మాట్లాడతారు, ముక్కు గురించి ఎవరూ మాట్లాడరు.

కల్లు, మందు గురించి ఒక్క మాట. పడుకునే ముందు ఏ మత్తు తాగినా గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి, మెదడు ఉలిక్కిపడటం ఆలస్యమవుతుంది, ఊపిరి ఆగే నిడివి పెరుగుతుంది. రోజంతా తాళ్లెక్కి దిగే గీత కార్మికుడి ఒళ్లు ఈ జబ్బుకు అంత సులువుగా లొంగకపోవచ్చు. ఒళ్లు నొప్పులకని సాయంత్రం తాగి పడుకునేవాళ్ల సంగతి వేరు.

చేసే పనే గొంతును కాపాడే వృత్తులూ కొన్ని ఉన్నట్టున్నాయి. ఈ భాగం నాకు చాలా ఇష్టం. స్విట్జర్లాండ్‌లో 25 మంది మధ్యస్థ స్థాయి రోగుల్లో కొందరికి ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదుడు వాద్యం డిజరిడూ నేర్పి నాలుగు నెలలు ఊదించారు. వాళ్లకు పగటి మత్తూ, రాత్రి ఊపిరి ఆగడమూ తగ్గాయని 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది. సంగీత బృందాల్లో గాలి వాద్యాలు వాయించేవాళ్లను అడిగి చూస్తే 2009లో తేడా కనిపించలేదు. 2012లో మరో బృందం జంట పీక వాద్యాలు వాయించేవాళ్లలో మాత్రం ముప్పు తక్కువని చెప్పింది. జైపూర్‌లో 30 మంది రోగులతో చేసిన పరీక్షలో ఆరు నెలలు శంఖం ఊదినవాళ్లకు పగటి మత్తు 34 శాతం తగ్గింది, గంటకు నాలుగైదుసార్లు తక్కువగా ఊపిరి ఆగింది. అది 2025లో వెలువడింది. ఇవన్నీ చిన్న పరీక్షలు. వీటిని నమ్ముకుని చికిత్స మానుకోకూడదు. అయినా మన సన్నాయి జంట పీక వాద్యమే. యాదగిరిగుట్ట మీద పొద్దున్నే సన్నాయి ఊదే కళాకారులను, పెళ్లి మేళాలవాళ్లను పరీక్షించాలంటే ఖర్చయ్యేది ఎంత? ఈ జిల్లాలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఎవరైనా ఒక పీజీ విద్యార్థి పూనుకోవాలి.

ఇంతవరకు చెప్పింది పని జబ్బును పెంచుతుందా, తగ్గిస్తుందా అన్నది. పని జబ్బును దాచిపెడుతుందన్నది నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెడుతుంది. ఆఫీసు ఉద్యోగి మీటింగులో కునికితే పక్కవాళ్లు నవ్వుతారు, ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గరికి తోలుతారు, ఇన్సూరెన్సు ఉంటుంది. నాటు వేసి వచ్చిన ఆడమనిషి గోడకు ఒరిగి కునికితే “పొద్దటి సంది పనిజేసింది, అలిసింది” అంటారు. అంతటితో సరి. కూలి చేసే ఇంట్లో అలసటకు ఎప్పుడూ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. అందుకే ఎవరికి ఈ జబ్బు ఎక్కువుందన్న లెక్కలు కొంతవరకు ఎవరిని డాక్టరు అడిగాడన్న లెక్కలే. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. వాళ్లలో చాలామందికి పెద్ద గురక ఉండకపోవచ్చు. నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, నీరసం, దిగులు ఇవే ముందు కనిపిస్తాయి. ముట్లు ఆగాక ముప్పు ఎక్కువవుతుంది. పగలు పొలం, సాయంత్రం ఇల్లు, మధ్యలో మగ్గం దారానికి చిటికి కట్టడం, కండెలు చుట్టడం చేసే యాభై ఏళ్ల తల్లి నీరసంగా ఉందంటే రక్తం తక్కువని ఐరన్ గోలీలిచ్చి పంపుతారు. నిద్ర గురించి అడగరు.

అడిగే ప్రశ్నలు కూడా మన మనుషుల కోసం రాసినవి కావు. టొరంటోలో 2008లో తయారైన స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిలో గురక, అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, వయసు, మెడ చుట్టుకొలతలతో పాటు బీఎంఐ 35 దాటిందా అనే ప్రశ్న ఉంది. భారతీయులకు 25 దాటితేనే ఊబకాయంగా చూడాలని మన డాక్టర్ల ఒప్పందం. మనలో చాలామందికి దవడ చిన్నది, గొంతు దారి ఇరుకు, కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది. కాబట్టి సన్నగా కనిపించే మనిషికీ జబ్బు ఉండొచ్చు. మెల్‌బోర్న్ డాక్టరు ముర్రే జాన్స్ 1991లో ఇచ్చిన ఎప్‌వర్త్ మత్తు కొలతలో చదువుతున్నప్పుడు, కారులో గంటసేపు పోతున్నప్పుడు కునుకు వస్తుందా అని అడుగుతారు. ఆలేరులో ఆ ప్రశ్న మార్చాలి. బస్సెక్కి కూర్చోగానే భువనగిరి రాకముందే నిద్ర పడుతుందా, మగ్గం మీద నాడె విసురుతూనే తల వాలుతుందా, బండి ఆపుకుని మొహం కడుక్కున్న సందర్భాలున్నాయా అని. ఆ మాటలు కూడా మనిషి ఒక్కడినే అడిగితే చాలదు, ఇంటామెను అడగాలి. “మధ్యరాత్రి సప్పుడు ఆగిపోతది సారూ, నాకే బయమైతది, కదిలిచ్చి సూస్త” అని ఆమె అంటే అది సగం పరీక్ష రిపోర్టు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వృత్తి ఈ జబ్బును ఎంత తెస్తుందన్నది ఇంకా తేలాల్సిన లెక్క. వృత్తి ఈ జబ్బును ఎంత ప్రమాదకరం చేస్తుందన్నది మాత్రం తేలిపోయింది. మగ్గం మీద కునికితే దారం తెగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే లారీ దాదాపు 67 మీటర్లు ఎవరూ నడపకుండా పోతుంది. స్పెయిన్‌లో 1999 నాటి పరిశోధన ప్రకారం ఈ జబ్బున్నవాళ్లకు రోడ్డు ప్రమాదం జరిగే అవకాశం ఆరు రెట్లకు పైగా. తర్వాత అన్ని పరిశోధనలూ కలిపి చూస్తే సగటు రెండున్నర రెట్ల దగ్గర నిలిచింది. పనిచోట గాయపడటం కూడా దాదాపు రెట్టింపు. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ప్రమాద కారణాల పట్టికలో అతివేగం ఉంటుంది, తాగి నడపడం ఉంటుంది. నిద్రలో గొంతు మూసుకుపోవడం ఉండదు. “కునుకు తీసిండు” అని రాసి డ్రైవరు నిర్లక్ష్యం కింద జమ కడతారు.

రైళ్ల సంగతి చూడండి. 2013 డిసెంబరు 1న న్యూయార్క్‌లో ఒక లోకల్ రైలు గంటకు 48 కిలోమీటర్లతో తిరగాల్సిన మలుపులోకి 132 కిలోమీటర్ల వేగంతో వచ్చి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. నడిపినాయనకు తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉందని ఆ తర్వాతే తెలిసింది. అంతకు రెండు వారాల ముందే ఆయన డ్యూటీ సాయంత్రం నుంచి తెల్లారుజాముకు మారింది. జబ్బూ, షిఫ్టూ రెండూ కలిశాయి. 2016 సెప్టెంబరులో న్యూజెర్సీలోని హోబోకెన్ స్టేషన్‌లో మరో రైలు ఆగాల్సిన చోట ఆగకుండా గుద్దేసింది. అదే జబ్బు, అప్పుడూ తర్వాతే తెలిసింది. రైలు, లారీ డ్రైవర్లకు ఈ పరీక్ష తప్పనిసరి చేసే నిబంధన కోసం అమెరికా ప్రభుత్వం 2016లో కసరత్తు మొదలుపెట్టి 2017లో విరమించుకుంది. అది తప్పు నిర్ణయమని నేను నమ్ముతున్నాను. ఎందుకంటే చికిత్స పనిచేస్తుంది. ముక్కుకు తగిలించిన మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసే సీపాప్ యంత్రాన్ని 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివన్ బృందం పరిచయం చేసింది. దాన్ని సరిగా వాడినవాళ్లలో ప్రమాదాల ముప్పు నాలుగో వంతుకు దగ్గరగా పడిపోతుందని 2010లో లెక్కతేల్చారు. అమెరికా లారీ డ్రైవర్ల మీద 2016లో వెలువడిన పరిశోధనలో, జబ్బు ఉండి చికిత్స తీసుకోనివాళ్లకు ప్రమాదాలు ఐదు రెట్లు ఎక్కువ జరిగాయి. వాడినవాళ్లు మామూలు డ్రైవర్లలాగే ఉన్నారు.

మన డ్రైవింగ్ లైసెన్సు ఫారాల్లో ఏముంది? మూర్ఛ, కళ్లు తిరగడం, రేచీకటి, ఎరుపు ఆకుపచ్చ తేడా, 25 మీటర్ల నుంచి నంబరు ప్లేటు చదవగలరా, చెవుడు, కాళ్లూ చేతులూ. రవాణా వాహనాల డ్రైవర్లకు డాక్టరు సంతకం పెట్టే ఫారం 1ఏలో కూడా ఇవే. గురక మాట లేదు. లోకో పైలట్‌కు కంటిచూపులో అన్నిటికన్నా కఠినమైన ఏ-1 కేటగిరీ ఉంది. చూపు సరిగ్గా ఉండి కన్నే మూతపడితే ఆ కేటగిరీ ఏం చేస్తుంది? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. గంటలు లెక్కపెట్టడం అవసరమే. జబ్బున్న మనిషికి ఆ తర్వాత దొరికే విశ్రాంతి మాత్రం విశ్రాంతి కాదు.

ఫారంలో ప్రశ్న చేర్చినంత మాత్రాన పని జరగదు. డ్రైవర్లు నిజం చెప్పరు. ఎందుకు చెప్పాలి? ‘మెడికల్ అన్‌ఫిట్’ అన్న రెండు మాటలు ఆర్టీసీ కుటుంబంలో ఎంత భయం పుట్టిస్తాయో డిపోల దగ్గర తిరిగినవాళ్లకు తెలుసు. సొంత లారీ మీద ఫైనాన్సు ఉన్నవాడికి కిస్తీ తప్పుతుంది. క్యాబ్ కుర్రాడికి యాప్ ఆగితే ఆ పూట తిండి ఆగుతుంది. పొట్టకూటిని పణంగా పెట్టమని అడిగే పరీక్షను మనిషి తప్పించుకునే చూస్తాడు, అది అతని తప్పు కాదు. యూరప్ ఈ ముడిని కొంత విప్పింది. 2014 నాటి ఆదేశంతో లైసెన్సు అర్హతల్లో ఈ జబ్బును చేర్చారు, 2015 చివరి నుంచి అమల్లోకి తెచ్చారు. మధ్యస్థ, తీవ్ర జబ్బున్నవాళ్లు చికిత్సతో అదుపులో ఉన్నట్టు చూపితే లైసెన్సు కొనసాగుతుంది. మామూలు డ్రైవర్లకు మూడేళ్లకు మించకుండా, వృత్తి డ్రైవర్లకు ఏడాదికి మించకుండా మళ్లీ చూస్తారు. అక్కడ జబ్బు ఉండటం నేరం కాదు, చికిత్స లేకుండా బండి నడపడమే అడ్డు.

మన దగ్గర రవాణా లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. ఆ రోజు మెడకు టేపు పెట్టి కొలిచి, బీపీ చూసి, నాలుగు ప్రశ్నలు అడగడానికి ఐదు నిమిషాలు. 40 సెంటీమీటర్లు దాటిన మెడ, పెద్ద గురక, అదుపులోకి రాని బీపీ మూడూ ఉన్న మనిషిని పంపడానికి ఈ జిల్లాలోనే, ఇదే రహదారి మీద బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. ఆర్టీసీకి తార్నాకలో సొంత ఆసుపత్రి ఉంది. అన్ని కేసులకూ ఆసుపత్రిలో రాత్రంతా తీగలు తగిలించుకుని పడుకోనక్కర్లేదు, ఇంట్లోనే వేలికీ ముక్కుకూ తగిలించి చేసే పరీక్షలు వచ్చాయి. ఊళ్లలో ముప్పై దాటినవాళ్ల నడుము కొలత చూసే ఆశా కార్యకర్తల చేతిలో అదే టేపు ఉంది, దాన్ని మెడ దాకా తీసుకెళ్లడమే. స్వల్పంగా ఉన్నవాళ్లకు బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, ముక్కు దిబ్బడకు మందు, రాత్రి తాగుడు మానడంతోనే చాలా నయమవుతుంది. కొందరికి దవడను ముందుకు పట్టే పరికరం సరిపోతుంది. తీవ్రంగా ఉన్నవాళ్లకు యంత్రం కావాలి. అది లారీ డ్రైవరు సొంతంగా కొనుక్కోగల వస్తువు కాదు. క్యాబిన్లో పడుకునే మనిషికి బ్యాటరీతో నడిచేది కావాలి. ఆ ఖర్చు అతని ఒక్కడి మీద వేయకూడదు. బస్సు డ్రైవరు వెనక సీట్లలో యాభై మంది కూర్చుంటారు, లారీకి ఎదురుగా వచ్చే ఆటోలో కూలీలుంటారు. బస్సుకు బ్రేకులు ఎవరి ఖర్చుతో వేయిస్తామో, డ్రైవరు ఊపిరికి కూడా వాళ్లే పెట్టుకోవాలి. ఆర్టీసీ డ్రైవరుకు ఆర్టీసీ, కంపెనీ లారీకి కంపెనీ, సొంత బండి నడుపుకునేవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య పథకం. చికిత్స మొదలై అదుపులోకి వచ్చేదాకా ఆ కొన్ని వారాలు జీతం తెగకుండా పగటి డ్యూటీయో, డిపోలో పనో ఇస్తే, ఫారం 1ఏలో గురక గురించి అడిగినప్పుడు డ్రైవరు అవునని రాస్తాడు.